నెష్: చలికి ఆగలేనివాళ్లకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్, డెర్బీ, షెఫీల్డ్, స్టోక్ వైపు చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు మొదటి చలికాలంలోనే ఒక కొత్త మాట వింటారు: నెష్. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం బట్టీ పట్టిన మాటల్లో ఇది ఉండదు. ఏటా అక్టోబరు రాగానే “అన్నా, నెష్ అంటే ఏంటి? వాళ్లు నన్ను ఏమన్నట్టు?” అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ని కాదు. ఏళ్లుగా ఆ మాట పడుతూ, ఆ ఉక్రోషంతోనే దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికినవాణ్ని. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. మొదటి నుంచి చదవాల్సిన పని లేదు.

## మొదటిసారి విన్నప్పుడు

నెష్ అంటే ఒక్క ముక్కలో ఏంటి?

చలికి తొందరగా వణికిపోయే మనిషి. అందరూ చొక్కాలతో తిరుగుతుంటే తనొక్కడే జాకెట్ జిప్పు గడ్డం దాకా లాక్కునేవాడు. తెలుగులో దీనికి సరిగ్గా సరిపడే ఒక్క మాట లేదు. “వాడికి చలెక్కువ” అంటాం, “చలికి ఆగలేడు” అంటాం. తిండిబోతు, నిద్రబోతు అన్నట్టు “చలిబోతు” అని కల్పించుకుంటే అర్థమూ, అందులోని ఎగతాళీ రెండూ దొరుకుతాయి. మా ఇంట్లో ఇప్పుడు అదే వాడుక. తమాషా ఏంటంటే, పుస్తకాల ఇంగ్లీషులో కూడా దీనికి ఒక్క మాట లేదు. అక్కడా మనలాగే వాక్యం మొత్తం చెప్పాల్సిందే. ఈ మాండలికంలో మాత్రం ఒక్క ముక్కలో పని అయిపోతుంది.

మా సూపర్‌వైజర్ నన్ను నెష్ అన్నాడు. తిట్టాడా?

లేదు, ఆటపట్టించాడు. గోదాము షట్టర్ తెరిచి ఉన్నప్పుడు మీరు చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉంటారు. అది చూసి అని ఉంటాడు. ఇది బూతు మాట కాదు. రంగునీ దేశాన్నీ ఉద్దేశించి అనేదీ కాదు. వాళ్ల అమ్మలు వాళ్లను చిన్నప్పుడు అనే ఉంటారు, వాళ్లు వాళ్ల పిల్లల్ని అంటూనే ఉంటారు. నన్ను మొదటిసారి అన్నప్పుడు నేను రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. మూడో రోజు అదే మనిషి తన కన్నా పదేళ్లు పెద్దవాణ్ని, అచ్చమైన డెర్బీవాణ్ని, అదే మాట అనడం విన్నాక కుదుటపడ్డాను.

అయితే ఏ మాటకైనా గొంతు ముఖ్యం. రోజూ పని కట్టుకుని, “మీ దేశంవాళ్లంతా ఇంతే” అని తోక తగిలించి అంటుంటే ఊరుకోనక్కర్లేదు. అప్పుడు తప్పు ఆ తోకది, దాన్ని తగిలించినవాడిది.

చలికి మాత్రమేనా? వేరే అర్థాలు కూడా ఉన్నాయా?

ఇప్పుడు ఎక్కువగా చలి గురించే. కానీ దాని చుట్టూ ఇంకొంచెం చోటు ఉంది. నాలుగు చినుకులు పడితే బయటికి రానన్నవాడు నెష్. స్విమ్మింగ్ పూల్‌లో కాలి బొటనవేలు ముంచి వెనక్కి తీసేవాడు నెష్. చిన్న దెబ్బకే అబ్బా అనేవాడిని కూడా అంటారు. పల్లెల్లో పెద్దవాళ్లు లేత మొక్కల గురించీ, బలహీనంగా పుట్టిన గొర్రెపిల్లల గురించీ వాడేవారు. అన్నిటికీ మూలం ఒకటే: మెత్తదనం, ఓర్వలేనితనం.

“మార్డీ” అని కూడా అంటున్నారు. రెండూ ఒకటేనా?

వేరు. మార్డీ అంటే మూతి ముడుచుకున్నవాడు, అలకపాన్పు ఎక్కినవాడు. “చెడిపోయిన” అనే అర్థమున్న “మార్డ్” అనే మాట నుంచి వచ్చింది. గారాబంతో చెడిన పిల్లల్ని అలా అనేవారు. చలి వేసినందుకు మీరు నెష్. నెష్ అన్నందుకు అలిగితే మార్డీ. నేను ఆ రెండు రోజుల్లో రెండూ అనిపించుకున్నాను.

ఒక పెద్దావిడ “అయామ్ స్టార్వ్డ్” అంటే ఆకలేస్తోందనుకుని బిస్కెట్లు ఇచ్చాను. అందరూ నవ్వారు. ఎందుకు?

ఆవిడ చలికి గడ్డకట్టుకుపోతున్నాను అంది. ఉత్తర ఇంగ్లండ్‌లోనూ, మిడ్‌లాండ్స్ అనే ఈ నడిమి ప్రాంతంలోనూ పెద్దల మాటల్లో “స్టార్వ్డ్” అంటే చలితో బిగుసుకుపోవడం. ఈ మాట పాత ఇంగ్లీషులోని “స్టెయొర్ఫన్” నుంచి వచ్చింది. దానికి అర్థం చనిపోవడం. జర్మన్‌లో “ష్టెర్బెన్” ఇప్పటికీ అదే అర్థంలో ఉంది. దేని వల్ల చావాలన్నదాన్ని ఒక్కో ప్రాంతం ఒక్కోలా తేల్చుకుంది. పుస్తకాల ఇంగ్లీషు ఆకలిని తీసుకుంది, ఇక్కడి పల్లెలు చలిని తీసుకున్నాయి. తేడా గుర్తుంచుకోండి: స్టార్వ్డ్ అంటే ఆ క్షణంలో ఉన్న స్థితి, ఎవరికైనా రావచ్చు. నెష్ అంటే మనిషి స్వభావం. ఇక బిస్కెట్లంటారా, ఆవిడ తీసుకునే ఉంటుంది లెండి.

ఎలా పలకాలి?

“ఫ్రెష్”లో ఫ్ర తీసేసి న పెట్టండి. ఎ హ్రస్వమే. మనవాళ్లు కొందరు “నేష్” అని సాగదీస్తారు, అర్థమవుతుంది కానీ నవ్వుతారు.

## మాట పుట్టుక గురించి

ఇది ఈమధ్య కుర్రాళ్లు పుట్టించిన స్లాంగా?

అసలు కాదు. ఇంగ్లీషులో వెయ్యేళ్లు దాటిన మాటల్లో ఇదొకటి. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చి ఫ్రెంచి మాటలు గుమ్మరించకముందు నుంచీ ఉంది. “డెలికేట్”, “టెండర్” లాంటి మర్యాదస్తుల మాటలన్నీ దీని తర్వాత వచ్చి కూర్చున్నవే. పల్లెటూరి మాట కాబట్టి చెడిపోయిన ఇంగ్లీషు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఇంగ్లీషువాళ్లలో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. మన దగ్గర కూడా పల్లెల్లో మిగిలిన పాత తెలుగు మాటను “మోటు” అని తోసేసి, దాని బదులు సంస్కృతం మాట వాడితే చదువుకున్నట్టు చూస్తారు కదా, అదే జబ్బు.

పాత ఇంగ్లీషులో దీని రూపం ఏంటి? నెష్‌గా ఎలా మారింది?

పాత ఇంగ్లీషులో “హ్నెష్షె” లాంటి పలుకు. మెత్తని, లేత, బలహీనమైన అని అర్థాలు. మెత్తబరచడం, మెత్తబడడం అనే అర్థంలో “హ్నెష్షియన్” అనే క్రియ కూడా ఉండేది. రెండు మార్పులు అర్థమైతే ఇక్కడిదాకా దారి కనిపిస్తుంది.

మొదటిది, ముందున్న హ్ ఊడిపోవడం. ఆ రోజుల్లో ఇంగ్లీషు మాటలు చాలావాటికి ముందు ఒక హ్ ఉండేది. ఇప్పటి “నట్” అప్పుడు “హ్నుతు”. “రింగ్” అప్పుడు “హ్రింగ్”. రొట్టెకు వాడే “లోఫ్” అప్పుడు “హ్లాఫ్”, “లౌడ్” అప్పుడు “హ్లూద్”. పలకడానికి కష్టమైన ఆ హ్ క్రమంగా అన్నిచోట్లా రాలిపోయింది. హ్నెష్షె కూడా ఆ గుంపుతోపాటే తలపాగా దించింది.

రెండోది, చివరి ష్. పాత రాతలో అక్కడ స, క అక్షరాలు జంటగా కనిపిస్తాయి. పూర్వం “స్క్” అని పలికినది ఇంగ్లీషులో “ష్” అయింది. “ఫిష్”, “షిప్”, “యాష్” అన్నీ ఆ దారిలో వచ్చినవే. చివరి ఎ కూడా పోయాక మిగిలింది నెష్.

వైకింగులు తెచ్చిన మాట అని ఒకాయన చెప్పాడు. నిజమా?

వైకింగులంటే ఒకప్పుడు డెన్మార్క్, నార్వే వైపు నుంచి ఓడల్లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు. ఈ ప్రాంతంలో అలా అనుకోవడం సహజమే. డెర్బీ అనే ఊరి పేరే వాళ్లు పెట్టింది. చివర “బీ” ఉన్న ఊళ్లు ఇటువైపు చాలా ఉన్నాయి, మనకు “పల్లి”, “పాడు” ఉన్నట్టు. కానీ వైకింగుల మాటలు సాధారణంగా స్క్‌ను అలాగే పట్టుకుని ఉంటాయి: “స్కై”, “స్కిన్”, “స్కర్ట్”. ఒకే మూలం నుంచి వచ్చిన ఇంగ్లీషు “షర్ట్”నీ, వైకింగుల “స్కర్ట్”నీ పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. నెష్‌లో ష్ ఉంది. అది ఇంగ్లీషు ఇంటి బిడ్డే.

“మెత్తన” అనే అర్థం “చలికి ఆగలేని” దాకా ఎలా వెళ్లింది?

ఇది తెలుగువాళ్లకు చాలా సులువుగా అర్థమవ్వాలి. “మెత్తని దిండు” అంటాం. అక్కడి నుంచి “మెత్తని మనిషి” అంటాం, అంటే గట్టిగా ఎదురు చెప్పనివాడు. ఇంకో అడుగు వేస్తే “మెతక”, అంటే పనికిరానంత మెత్తన. “మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధవుతుంది” అనే సామెత దాకా వచ్చేసరికి మెత్తదనం పూర్తిగా లోపమైపోయింది. చేతికి తగిలే గుణం మనిషి స్వభావమైంది, ఆ స్వభావం ఎగతాళి అయింది.

ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే నడక. మొదట మెత్తని వస్తువు, తర్వాత మెత్తని ఒళ్లు, తర్వాత కష్టానికి ఓర్వలేని ఒళ్లు. అక్కడి నుంచి మాట ఏ కష్టం వైపు తిరుగుతుందనేది ఊరిని బట్టి ఉంటుంది. ఏడాదిలో ఆరేడు నెలలు తడిగాలి ఎముకల్లోకి దూరే చోట, పొలంలోనూ గనిలోనూ బతికేవాళ్లకు మనిషి గట్టితనాన్ని కొలిచే కొలబద్ద చలే. రాజమండ్రిలో గానీ రామగుండంలో గానీ ఈ మాట పుట్టి ఉంటే ఎండకు సొమ్మసిల్లేవాణ్ని నెష్ అనేవాళ్లమేమో.

మధ్యయుగపు ఇంగ్లీషులో నెష్, హార్డ్ అనే రెండు మాటల్నీ జంటగా కూడా వాడేవారు. మెత్తనైనా గట్టిదైనా, అంటే ఎలాంటి పరిస్థితిలోనైనా అని. మన “కష్టసుఖాలు” లాగా.

ఇంగ్లీషుకు బయట దీనికి చుట్టాలున్నారా?

ఉన్నారు, ఒకరు చాలా పెద్దవారు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిలును గోథిక్ అనే, ఇప్పుడు ఎవరూ మాట్లాడని భాషలోకి తెచ్చాడు. ఇంగ్లీషు, జర్మన్ కుటుంబంలో పెద్ద రచనగా మనకు దక్కినవాటిలో అదే అన్నిటికన్నా పాతది. అందులో యేసు, యోహాను గురించి జనంతో మాట్లాడుతూ, మీరు అడవికి వెళ్లింది మెత్తని బట్టలు కట్టుకున్నవాణ్ని చూడ్డానికా అని అడిగే చోటు ఉంది. ఆ “మెత్తని” అన్న చోట గోథిక్‌లో వాడిన మాట “హ్నస్క్వుస్”. ముందున్న హ్, మధ్యలోని స్క్ రెండూ అలాగే ఉన్నాయి చూడండి. ఆ బైబిలు ప్రతుల్లో పేరున్నది ఊదా రంగు తోలుకాగితం మీద వెండి అక్షరాలతో రాసినది, ఇప్పుడు స్వీడన్‌లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఉంది. గోదాములో మనల్ని ఆటపట్టించే మాటకు అంతటి చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు ఉక్రోషం సగం పోయింది.

మన “నాజూకు”కీ దీనికీ సంబంధం ఉందా?

అర్థం దగ్గర, మొదట్లో న, మధ్యలో జ, ష లాంటి శబ్దం. అనుమానం రావడం సహజమే, నాకూ వచ్చింది. కానీ చుట్టరికం లేదు. నాజూకు పారసీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. నెష్‌కు మొదట్లో ఉన్నది న కాదు, హ్. నేటి రూపాలు ఒకేలా ఉన్నాయని వియ్యం కలపకూడదు, పాత రూపాలు చూడాలి. సంస్కృతంలోని “నశించు”తో కలిపేవాళ్లకూ ఇదే జవాబు.

“నైస్” నుంచి వచ్చిందా?

లేదు. నైస్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదట్లో దాని అర్థం “ఏమీ తెలియనివాడు”. అది మంచి అర్థానికి ఎక్కడం వేరే కథ.

“నాష్” అనే ఇంటిపేరు ఇదేనా?

కాదు. అది యాష్ చెట్టు దగ్గర కాపురమున్నవాళ్ల పేరు. “ఆ యాష్ చెట్టు దగ్గర” అనడానికి పాత రోజుల్లో “అటెన్ యాష్” అనేవారు. అందులో “అటెన్” చివరి న్ జారి చెట్టు పేరుకు అతుక్కుంది.

## ఎక్కడెక్కడ వాడతారు

ఇంగ్లండ్ అంతటా అర్థమవుతుందా?

అవదు. గట్టిగా వినిపించేది నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్, స్టాఫర్డ్‌షైర్, చెషైర్, ష్రాప్‌షైర్, లాంకషైర్‌లలోనూ, షెఫీల్డ్ చుట్టుపక్కల దక్షిణ యార్క్‌షైర్‌లోనూ. పటం మీద చూస్తే ఇంగ్లండ్ నడుము చుట్టూ ఒక పట్టీలా ఉంటుంది. లండన్‌లో అంటే చాలామంది మొహం ప్రశ్నార్థకంగా పెడతారు. లండన్‌లోని బంధువుల ఇంటికి వెళ్లి ఈ మాట వాడి, “మీ ఇంగ్లీషు ఇంకా సరిగా రాలేదే” అనిపించుకున్న కుర్రాడు నాకు తెలుసు. మాటేమో వాళ్ల ఇంగ్లీషు కన్నా పాతది.

మరి లండన్ ఇంగ్లీషులోంచి ఎందుకు పోయింది?

అచ్చు వచ్చాక రాత ఇంగ్లీషు ఎక్కువగా లండన్ చుట్టుపక్కల వాడుకను పట్టుకుని స్థిరపడింది. మెత్తన అనే అర్థానికి “సాఫ్ట్” అనే మాట ఉండనే ఉంది, అదీ పాత ఇంగ్లీషుదే. సున్నితం అనే అర్థానికి ఫ్రెంచి నుంచి “టెండర్” దిగింది. ఒకే పనికి ముగ్గురుంటే ఒకరు పక్కకు తప్పుకోవాల్సిందే. కొలువులో చోటు పోయిన నెష్ పల్లెల్లో చిన్న పని ఒకటి పట్టుకుని, దాంట్లోనే ఆరితేరి, నిలబడిపోయింది.

పేరున్న రచయితలెవరైనా వాడారా?

ఇద్దరి సంగతి చెప్తాను. వాళ్లిద్దరి వాడుకలో మాట రెండు దశలు కనిపిస్తాయి. థామస్ హార్డీ 1887లో పుస్తకంగా వచ్చిన “ద వుడ్‌ల్యాండర్స్” నవలలో డోర్సెట్ వైపు పల్లె జనం చేత ఈ మాట పలికించాడు. ఒకాయన తన కూతుర్ని అన్నేళ్లు బోర్డింగ్ స్కూల్లో ఉంచితే ఆ పిల్ల తల్లిలాగే నెష్ అయిపోతుందని ఊళ్లోవాళ్లు చెప్పుకుంటారు. అక్కడ చలి ప్రసక్తి లేదు. సుకుమారంగా, కష్టానికి పనికిరాకుండా తయారవుతుందని బాధ. మన పల్లెల్లో “హాస్టల్లో వేసి పిల్లని గాజుబొమ్మని చేశారు” అన్నట్టే.

డి. హెచ్. లారెన్స్ 1885లో నాటింగ్‌హామ్ దగ్గరి ఈస్ట్‌వుడ్‌లో గని కార్మికుడి కొడుకుగా పుట్టాడు. 1913 నాటి ఆయన నవల “సన్స్ అండ్ లవర్స్”లో తండ్రి పాత్ర మంచులా ఉన్న వంటింటి పక్క గదిలో స్నానం చేస్తూ గొణుగుతాడు. నీ నెష్ ఒంటికి ఇక్కడైతే కట్టెలా బిగుసుకుని పడిపోతావని భార్యను ఎత్తిపొడుస్తాడు. ఇక్కడ నెష్ పూర్తిగా చలి మాటే. ఇప్పుడు గోదాముల్లో వినిపించేదీ ఇదే.

ఇంగ్లండ్ దాటి ఎక్కడైనా ఉందా?

కెనడాలో తూర్పు అంచున ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌లో “నిష్” అనే రూపంలో ఉంది. లేత, తొందరగా నొప్పి పుట్టే అని అర్థం. డోర్సెట్, డెవన్ వైపు నుంచి చేపల వేటకు వెళ్లి స్థిరపడ్డవాళ్లు అక్కడ ఎక్కువ. వాళ్ల మూటల్లో వెళ్లింది. వలస వెళ్లినవాళ్ల దగ్గర పాత మాటలు భద్రంగా ఉండడం మనకు కొత్త కాదు. తమిళనాడులో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ల మాటలు విన్నవారికి ఇది తెలిసిందే.

ఇలాంటి మాటల్ని ఎవరైనా పోగు చేశారా? ఎక్కడ దొరుకుతాయి?

అన్నిటికన్నా పెద్ద పని జోసెఫ్ రైట్‌ది. ఆయన “ఇంగ్లీష్ డయలెక్ట్ డిక్షనరీ” 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాలుగా వచ్చింది. ఆయన బతుకే ఒక కథ. 1855లో యార్క్‌షైర్‌లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టాడు. ఆరేళ్లకే గాడిదబండి తోలే పనికి వెళ్లాడు, తర్వాత ఉన్ని మిల్లులో పనిచేశాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాయడం రాదు. అలాంటివాడు జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో డాక్టరేట్ తెచ్చుకుని, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. మిల్లులో విన్న మాటల విలువ ఆయనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

తర్వాత లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఓర్టన్ నడిపిన ఇంగ్లీషు మాండలికాల సర్వే 1950 నుంచి 1961 వరకు జరిగింది. 313 చోట్లకు మనుషులు వెళ్లారు. ఎక్కువగా పల్లెల్లోని ముసలివాళ్లను కూర్చోబెట్టి వెయ్యికి పైగా ప్రశ్నలు అడిగారు. కావలసిన మాట తాము పలకకుండా, వస్తువునో సందర్భాన్నో వర్ణించి వాళ్ల నోటి నుంచే రాబట్టేవారు.

మన దగ్గర ఇలాంటి పనికి దారి వేసింది భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన సంపాదకత్వంలో వచ్చిన “మాండలిక వృత్తి పదకోశం” మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. నాగలిలో ఒక్కో భాగాన్ని ఒక్కో జిల్లాలో ఏమంటారో అందులో చూడొచ్చు. సరదాకి తెరిచినా గంట తెలియకుండా గడిచిపోతుంది.

ఈ మాట చచ్చిపోతోందా?

నాకైతే అలా అనిపించట్లేదు. నాగలి, గనుల మాటలు ఆ పనులతోపాటే పోతున్నాయి. చలి ఎక్కడికీ పోదు. పైగా ఇప్పుడు దీన్ని ఊరి గుర్తుగా కప్పుల మీద, టీ షర్టుల మీద అచ్చు వేసి అమ్ముతున్నారు. ఒకప్పుడు టీచర్లు దిద్దిన మాటే ఇది.

## మీరు వాడాలనుకుంటే

నేను వాడొచ్చా? నవ్వరా?

నవ్వుతారు, అందుకే వాడాలి. బయటి నుంచి వచ్చినవాళ్ల నోట తమ ఊరి మాట వింటే వాళ్లకు భలే ఇష్టం. హైదరాబాద్ వచ్చిన ఉత్తరాదివాడు “లైట్ తీస్కో” అంటే మనం మురిసిపోమా? మొదట మీ గురించి మీరే అనుకోవడంతో మొదలుపెట్టండి. “సారీ, అయామ్ నెష్” అంటూ కిటికీ మూస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఎదుటివాళ్లను అనడం స్నేహం కుదిరాక. బాస్‌ను అనడం ఇంకా తర్వాత.

నెష్ అంటే ఏమని జవాబు చెప్పాలి?

నేను ఏప్రిల్‌లో విజయవాడ ఎండలు 40 దాటిన రోజు ఫోన్లో చూపించి, “రండి, అక్కడ నిలబడండి, ఎవరు నెష్షో చూద్దాం” అంటాను. ఇక్కడ 28 డిగ్రీలు దాటితే వాళ్లు పడే అవస్థ నేను కళ్లారా చూస్తున్నదే.

వాక్యంలో ఎలా పెడతారు?

“డోంట్ బి సో నెష్” అంటే మరీ అంత సుకుమారం పోకు. “షీ ఈజ్ రైట్ నెష్” అంటే ఆవిడకు చలి మరీ ఎక్కువ. ఇక్కడ “రైట్” అంటే కుడీ కాదు, ఒప్పూ కాదు. చాలా అని. నాటింగ్‌హామ్, స్టోక్ వైపు చివర “డక్” తగిలిస్తారు: “యు ఆర్ నెష్, యూ, మి డక్”. బాతు అన్నారని కంగారు పడకండి. అది మన “నాన్నా”, “బంగారం” లాంటి పిలుపు. బస్సు డ్రైవరు మీసాలున్న మగవాణ్ని కూడా అలాగే పిలుస్తాడు.

ఐఈఎల్‌టీఎస్‌లో, ఆఫీసు మెయిల్లో రాయొచ్చా?

వద్దు. తప్పు మాటని కాదు, దిద్దేవాళ్లకు తెలియకపోతే మీ మార్కులకు ఎసరు. మెయిల్లో అయితే హీటింగ్ పనిచేయడం లేదని సూటిగా రాయండి. నెష్ అని రాస్తే ఫిర్యాదు జోకైపోతుంది, హీటర్ బాగుపడదు.

ఇంట్లో హీటింగ్ వేద్దామంటే రూమ్మేట్ నెష్ అంటున్నాడు. ఏం చేయాలి?

ఇది భాష సమస్య కాదు, బిల్లు సమస్య. మా మొదటి ఇంట్లో ఐదుగురం, ఒక థర్మోస్టాట్. ఒకడు 21కి పెడితే ఇంకొకడు అర్ధరాత్రి లేచి 16కి దించేవాడు. చివరికి సాయంత్రం మూడు గంటలు, తెల్లవారి ఒక గంట అని కాగితం మీద రాసుకుని తలుపుకు అంటించాం. లోపల థర్మల్స్, వేడినీళ్ల రబ్బరు సంచి, మందం సాక్సులు ఉంటే మిగతా గంటలు గడిచిపోతాయి. ఒక్కటి మాత్రం మర్చిపోకండి: పొదుపు పేరుతో ఇల్లు పూర్తిగా చల్లబరిస్తే గోడలకు బూజు పడుతుంది. అప్పుడు డిపాజిట్ దగ్గర గొడవ.

15 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టే హైదరాబాదీలు నెష్ అన్నట్టేనా?

ఇక్కడివాళ్ల లెక్కలో నూటికి నూరుపాళ్లు. నాటింగ్‌హామ్‌లో జనవరి పగటి ఉష్ణోగ్రత 7 డిగ్రీల దగ్గర ఆడుతుంది, దాంట్లో కుర్రాళ్లు నిక్కర్లతో ఫుట్‌బాల్ ఆడుతుంటారు. కానీ శరీరం అలవాటును బట్టి నడుచుకుంటుంది. ఎండల్లో పెరిగిన ఒంటికి చలి కొత్త. రెండు మూడు చలికాలాలు గడిస్తే చాలామందికి కొంత సర్దుకుంటుంది. లంబసింగిలో పుట్టి పెరిగినవాళ్లు ఇక్కడికి వస్తే మొదటి రోజు నుంచే మనల్ని నెష్ అంటారేమో.

నాకు అందరికన్నా చలి చాలా ఎక్కువ. ఇది జబ్బేమైనా అయి ఉంటుందా?

నెష్ అనేది జబ్బు పేరు కాదు. అయితే రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ మందగించినా చలి మామూలు కన్నా ఎక్కువ వేస్తుంది. ముందు లేని చలి కొత్తగా మొదలైతే, దాంతోపాటు నీరసం, బరువు పెరగడం లాంటివి ఉంటే, వేళ్లు తెల్లబడి మొద్దుబారుతుంటే, జీపీకి, అంటే మీ పేటలోని మామూలు డాక్టరుకు, చూపించుకోండి. మామూలు రక్తపరీక్షతో చాలావరకు తేలిపోతుంది. నవ్వుతారని దాచుకోవద్దు.

నా పేరు దినేష్. ఇక్కడ నా పేరు చెప్పగానే ఎందుకు నవ్వుతున్నారు?

ఇంగ్లీషు చెవితో ఒకసారి మీ పేరు వినండి: “ది నెష్”. చలిబోతుల్లో అగ్రగణ్యుడు అని మీకు మీరే చాటుకున్నట్టు ఉంటుంది. రెండో అక్షరానికి దీర్ఘం గట్టిగా ఇచ్చి పలికితే కొంత తప్పుతుంది. లేదా మా పాత రూమ్మేటులాగా నవంబరు నుంచి మార్చి దాకా ఆ బిరుదు ఒప్పేసుకుని, హీటర్ పక్క కుర్చీ శాశ్వతంగా సంపాదించుకోవచ్చు.